ఫోన్-ఇన్: మామ్మగారి మాత్ర, మనవడి మాత్ర

వ్యాఖ్యాత: పిల్లల్లో రక్త క్యాన్సర్ గురించి మాట్లాడుకుంటున్నాం. తణుకు నుంచి ఒకమ్మాయి లైన్లో ఉంది. చెప్పమ్మా.

కాలర్: నమస్కారమండి. మా బాబుకి ఏడేళ్లు. ఏ.ఎల్.ఎల్. అనే రక్త క్యాన్సర్ అన్నారండి. పెద్ద కీమో అంతా అయిపోయింది, ఇప్పుడు మెయింటెనెన్స్, అంటే జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే మందులు. రోజూ రాత్రి ఒక మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్. మా అత్తగారికి కీళ్లవాతానికీ అదే మాత్రండి. ఆవిడకి మర్నాడు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర వేసుకోమన్నారు, బాబుకేమో రాయలేదు. మర్చిపోయారేమో అంటారావిడ.

డాక్టర్: మర్చిపోలేదమ్మా, కావాలనే రాయరు. ఆవిడ పక్కనే ఉన్నారా?

మామ్మ: ఉన్నానండి. అది వేసుకోకపోతే నాకు నోరు పూసేస్తుంది. పిల్లాడు నీరసంగా ఉన్నాడని మూడు రోజుల్నుంచి బలానికి టానిక్ పోస్తున్నాను. దాన్లోనూ అదే ఉందట. తప్పు చేశానా?

డాక్టర్: కంగారు పడకండి మామ్మగారూ. ఈపూట నుంచి ఆపేయండి. ఈసారి చూపించుకోడానికి వెళ్లేటప్పుడు సీసా కూడా పట్టుకెళ్లండి. ఈలోగా బాబు డాక్టరుకి ఫోన్ చేసి విషయం చెప్పండి, మాత్రలు మాత్రం మీ అంతట మీరు పెంచొద్దు, తగ్గించొద్దు.

మామ్మ: అయితే నాకు మంచిది, వాడికి చెడ్డదెలా అయింది?

డాక్టర్: బాగా అడిగారు. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ ఉండాలి. క్యాన్సర్ కణానికీ అంతే. 1940ల్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు, రక్తహీనతకి పనిచేస్తోంది కదా అని, ల్యుకీమియా, అంటే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఫోలిక్ యాసిడ్ రకాలే ఇచ్చి చూశారు. జబ్బు ఇంకా ముదిరింది.

వ్యాఖ్యాత: అయ్యో!

డాక్టర్: అక్కడే ఆయనకి వెలిగింది. తిండి పెడితే పెరుగుతోందంటే, ఆ తిండి అందకుండా చేస్తే? ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, దాని చోట్లో కూర్చుని పని చెడగొట్టే మందు కావాలి. దాన్ని తయారుచేసి ఇచ్చింది న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధన నడిపింది ఎవరనుకున్నారు? మీ పక్కన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

మామ్మ: భీమవరమా!

డాక్టర్: 1895లో. అసలు ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసి బయటపెట్టిందీ ఆయన బృందమే. తాళమూ వాళ్లదే, చెవీ వాళ్లదే. ఆ మందు పేరు అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి: 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. తర్వాత తిరగబెట్టిందనుకోండి. కానీ అంతకుముందు ఆ కొన్నాళ్లు కూడా లేవు. సుబ్బారావుగారు అదే ఏడాది ఆగస్టులో పోయారు, 53 ఏళ్లకే. మీరు, మీ మనవడు మింగేది అమినోప్టెరిన్ తమ్ముడు మెథోట్రెక్సేట్.

కాలర్: మరి అత్తయ్యకి...

డాక్టర్: ఆవిడకి కావలసింది కీళ్లలో వాపు తగ్గడం. దానికి ఫోలిక్ యాసిడ్ పెద్దగా అడ్డు రాదు, నోటిపూత తగ్గిస్తుంది. బాబు విషయంలో ఆ కణాలకి తిండి దొరక్కుండా చేయడమే వైద్యం. అందుకే వాడి డాక్టరు చెబితే తప్ప విటమిన్ మాత్రలు, టానిక్‌లు వద్దు.

కాలర్: తోటకూర, గోంగూర కూడా మానిపించాలాండి?

డాక్టర్: అక్కర్లేదు, శుభ్రంగా కడిగి ఉడికించి పెట్టండి. కూరలో ఉండేది వేరు, మాత్రలో గుప్పించేది వేరు. అసలు భయపడాల్సింది ఇంకోటుంది. జ్వరం 100.4 దాటితే తెల్లారే దాకా ఆగొద్దు, పారాసిటమాల్ వేసి చూద్దామనొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంతకీ బాబుకి మెథోట్రెక్సేట్ ఏ వారం వేస్తారు?

కాలర్: శుక్రవారమండి.

డాక్టర్: మామ్మగారూ, మీరు?

మామ్మ: ఆదివారం. ఇద్దరివీ ఒకే డబ్బాలో ఉంటాయి బాబూ, ఫ్రిజ్ మీద.

డాక్టర్: అమ్మో, ఇప్పుడే లేచి విడదీయండి. వారానికోసారి వేసుకోవలసిన మాత్ర పొరపాటున రోజూ పడితే ప్రాణం మీదికొస్తుంది. డబ్బాల మీద పేరు, వారం పెద్దక్షరాలతో రాయండి. బాబువి కోడలే ఇవ్వాలి.

మామ్మ: నాకు కళ్లు సరిగా ఆనవు. రంగు కాగితం అంటించుకోనా?

డాక్టర్: అంటించండి. వాడిది ఎరుపు.

వ్యాఖ్యాత: వాళ్లు డబ్బాలు విడదీసేలోగా మనం ఇంకో కాల్ తీసుకుందాం. హలో, ఎవరండీ?