రంగులు నేనే వేసుకుంటాను

అందరికీ నమస్కారం. ఏఐతో కలిసి బొమ్మలు వెయ్యడం గురించి మాట్లాడమన్నారు. ఈ మాట అనగానే మీలో చాలామందికి ఫోన్‌లో ఉన్న యాప్ గుర్తొస్తుంది. నాకు హెరాల్డ్ కోహెన్ గుర్తొస్తాడు.

లండన్‌లో పుట్టిన చిత్రకారుడు. 1966లో వెనిస్ బియన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో బ్రిటన్ తరఫున బొమ్మలు పెట్టాడు. 1968లో కాలిఫోర్నియా వెళ్లి, నలభై ఏళ్ల వయసులో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. కొన్నేళ్లకి బొమ్మలు గీసే ఆరాన్ అనే ప్రోగ్రాం మొదలుపెట్టి, 2016లో పోయేదాకా దాంతోనే గడిపాడు.

ఆరాన్‌కి ఆయన వేల బొమ్మలు చూపించి నేర్పలేదు. గీత ఎక్కడ మొదలవ్వాలి, దేని వెనక ఏది దాక్కోవాలి, అన్నీ నియమాలుగా రాశాడు. చెయ్యి తిరిగాక మనం ఆలోచించకుండా చేసేసే పనులే ఇవన్నీ. రాయాలంటే ముందు అవేమిటో తనకి తెలియాలి కదా! ఆ నియమాల ప్రకారం, చక్రాల మీద తిరిగే చిన్న బండి నేల మీద పరిచిన కాగితంపై గీతలు గీసేది. దాన్ని తాబేలు అనేవాళ్లు. రంగులు మాత్రం ఆయనే వేసేవాడు.

చిక్కంతా రంగు దగ్గరే. మనమైతే ఒక రంగు పూసి, రెండడుగులు వెనక్కి జరిగి, కళ్లు చికిలించి చూస్తాం. ఆరాన్‌కి కళ్లే లేవు. ఏళ్ల తరబడి తల పట్టుకున్నాక ఆయనకి తట్టింది: ఎరుపా నీలమా అన్నది తర్వాత, ముందు ఎంత వెలుగు, ఎంత చీకటి అన్నది తేలాలి. అది చూడకుండానే లెక్కగట్టొచ్చు. 1995లో బోస్టన్ కంప్యూటర్ మ్యూజియంలో ఆరాన్ జనం ముందే రంగులు వేసింది.

మొన్న నేనూ ఓ యాప్‌ని శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిలో నెమలి అడిగాను. నిమిషంలో నాలుగు ఇచ్చింది. బాగానే ఉన్నాయి, కానీ ఏదో తేడా. ఏమిటో చెప్పలేక రెండు రోజులు టెన్షన్. చివరికి పాత కలం తీశాను. వెదురు పుల్లకి చుట్టిన గుడ్డని వేళ్లతో నొక్కితే కసిమి, అంటే కలంకారీ నల్ల రంగు, దిగుతుంది, నొక్కు తగ్గితే గీత సన్నబడుతుంది. యాప్ ఇచ్చిన నెమలికి మెడ నుంచి తోకదాకా గీతంతా ఒకటే మందం! ఇన్నేళ్లుగా నా వేళ్లు చేస్తున్న పని నాకు అప్పుడు తెలిసింది. యాప్ మాత్రం నన్నేమీ అడగలేదు, అడగదు కూడా. కోహెన్‌ని ఆరాన్ అడుగడుగునా అడిగినట్టే లెక్క.

చివరి రోజుల్లో ఆయన ఇంకో పని చేశాడు. ఆరాన్‌కి రంగులు వెయ్యడం వచ్చాక కూడా గీతలు దానికి వదిలేసి, పెద్ద టచ్ స్క్రీన్ ముందు కూర్చుని, రంగులు తన వేలితో తనే వేసుకున్నాడు.