డ్రైవ్ మారింది, పాత పద్దులు ఎక్కడ?

వ్యాఖ్యాత: విజయవాడ స్టూడియో నుంచి మాట్లాడుతున్నాం. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒకరు లైన్‌లో ఉన్నారు. నమస్కారమండీ, చెప్పండి.

శ్రోత: నమస్కారం మేడమ్. మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టుకి లెక్కలు రాస్తాను. రైతుల పట్టీలు, అంటే అమ్మకం లెక్కల చీటీలన్నీ ఎక్సెల్‌లోనే. సి డ్రైవ్ నిండిపోయి ఎర్రగా చూపిస్తుంటే, ఏప్రిల్‌లో ఆ ఫోల్డర్‌ని డాక్యుమెంట్స్‌లోంచి కట్ చేసి డి డ్రైవ్‌లో పేస్ట్ చేశాను. నిన్న ఒక రైతు వచ్చి, మార్చిలో నేను తోలింది 62 టిక్కీలు (మిర్చి బస్తాలు), 26 అని ఉందేంటి అన్నాడు. ఏదో సరిచేస్తూ నేనే అంకె తిరగేశాను సార్. పాత కాపీ కోసం ప్రీవియస్ వెర్షన్స్ తెరిస్తే ఒక్కటీ లేదు. రాత్రంతా నిద్ర లేదు.

నిపుణుడు: టెన్షన్ పడకండి. విండోస్ 10లో ఫైళ్ల పాత కాపీలు దాచే ఫైల్ హిస్టరీనే కదా? బ్యాకప్ డిస్క్ దగ్గరుందా?

శ్రోత: పెట్టే ఉంచాను సార్.

నిపుణుడు: మంచిది. ఫైల్ హిస్టరీ ఫైల్‌ని దాని చిరునామాతో గుర్తుపడుతుంది. డ్రైవ్ మారితే దాని లెక్కలో అది కొత్త ఫైల్. మీ భాషలో చెప్పాలంటే కొత్త ఆవర్జా, అంటే ఖాతా పుస్తకం తెరిచారు, పాత పద్దులు పాత ఆవర్జాలోనే ఉన్నాయి. డిస్క్‌లో ఫైల్ హిస్టరీ ఫోల్డర్, అందులో మీ యూజర్ పేరు, కంప్యూటర్ పేరు, డేటా, ఆ తర్వాత సి. తెరవండి.

శ్రోత: యూజర్స్, డాక్యుమెంట్స్... పట్టీలు! ఒకే ఫైల్ చాలాసార్లు ఉంది సార్, పేరు చివర తేదీ, టైము, యూటీసీ అని.

నిపుణుడు: అవే వెర్షన్లు. యూటీసీ అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం, మన టైము కావాలంటే దానికి అయిదున్నర గంటలు కలపండి. అక్కడ 10:30 అంటే మనకి సాయంత్రం 4. కావలసింది డెస్క్‌టాప్‌కి కాపీ చేసుకుని తెరవండి. అక్కడ మాత్రం ఏదీ జరపొద్దు, చెరపొద్దు.

వ్యాఖ్యాత: ఆయన వెతుకుతుండగా ఒక మాట. అదే డేటా ఫోల్డర్‌లో డి అని కూడా ఉందా చూడండి.

శ్రోత: లేదండీ. సి ఒక్కటే.

నిపుణుడు: నాకు అసలు భయం ఇదే. పాతవి పోలేదు, కానీ ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా రాసిన పట్టీలకి బ్యాకప్ లేదు. ఫైల్ హిస్టరీ డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ లాంటివే తనంతట తాను చూసుకుంటుంది. డి డ్రైవ్‌లో మీరు పెట్టిన ఫోల్డర్ సంగతి మీరే చెప్పాలి. సెట్టింగ్స్‌లో బ్యాకప్, మోర్ ఆప్షన్స్, యాడ్ ఎ ఫోల్డర్. ఫోల్డర్ మొత్తం మళ్లీ మొదటినుంచి కాపీ అవుతుంది కాబట్టి డిస్క్‌లో అంత ఖాళీ ఉండాలి. అక్కడే కీప్ మై బ్యాకప్స్ దగ్గర ఏముంది?

శ్రోత: ఫరెవర్.

నిపుణుడు: అలాగే ఉంచండి. స్థలం చాలనప్పుడు పాతవి తీసేయమని పెట్టి ఉంటే, మార్చి కాపీలు ఈపాటికి పోయి ఉండేవేమో. పాత కాపీల్ని చెరిపేసే క్లీన్ అప్ జోలికి కూడా వెళ్లొద్దు.

శ్రోత: సార్, తెరిచాను. మార్చి 11 కాపీ... 62. 62 టిక్కీలే ఉంది!

వ్యాఖ్యాత: హమ్మయ్య. ఆ రైతుకి ఇప్పుడే ఫోన్ చేయండి.

నిపుణుడు: ఆ పక్కనే బ్యాకప్ నౌ కూడా నొక్కేయండి. అది పూర్తయ్యేదాకా డిస్క్ తీయకండి.