ముందు యాప్‌లా, ఆక్సిజనా? విశాఖ స్టూడియోలో చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. కోవిడ్ కాలంలో ఏ టెక్నాలజీ అక్కరకొచ్చింది, ఏది పేరుకే మిగిలింది? మనతో ఊపిరితిత్తుల డాక్టర్ గారు, రైల్వేలో రిటైరైన ఇంజనీర్ గారు, పాడేరు వైపు పనిచేసే ఏఎన్‌ఎం మేడం ఉన్నారు. ఇంజనీర్ గారూ, మీరు చెప్పండి.

ఇంజనీర్: అందరూ యాప్‌ల గురించే అడుగుతారండి. నేను మాత్రం 2021 ఏప్రిల్‌లో మన స్టీల్‌ప్లాంట్ నుంచి కదిలిన ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ గురించి చెప్తాను. మహారాష్ట్ర నుంచి ఏడు ఖాళీ ట్యాంకర్లు రైలెక్కి వచ్చి, ఇక్కడ నింపుకుని వెళ్లాయి.

వ్యాఖ్యాత: లారీని వ్యాగన్ మీద ఎక్కించడమే కదా సార్?

ఇంజనీర్: అంత తేలికా! పైన కరెంటు తీగలు, దారిలో ఘాట్ సెక్షన్లు, టన్నెళ్లు. వ్యాగన్ ఎత్తే 1,290 మిల్లీమీటర్లు. దాని మీద 3,320 మిల్లీమీటర్ల ఎత్తున్న ట్యాంకర్ రకమైతేనే పడుతుందని తేల్చారు. లోపలున్నది మైనస్ 183 డిగ్రీల దగ్గర మరిగే ద్రవ ఆక్సిజన్. పాత బండి, పాత ట్యాంకరే. రెంటినీ కలిపిన లెక్కే కొత్తది.

డాక్టర్: సగం ఒప్పుకుంటాను. కానీ 2020 జనవరిలో వైరస్ జన్యుక్రమం బయటికొస్తే, మార్చి 16కల్లా అమెరికాలో ఆ క్రమం చూసి తయారుచేసిన కొత్త రకం టీకా, ఎంఆర్‌ఎన్‌ఏ టీకా, మొదటి డోసు మనిషికి వేశారు. అది పాత పద్ధతిలో అయ్యే పనేనా?

ఇంజనీర్: మనవాళ్లకి ఆ టీకా ఎక్కడ అందిందండీ? మనకి పడ్డవి కోవిషీల్డ్, కోవాగ్జిన్‌లేగా.

డాక్టర్: (నవ్వుతూ) అదీ నిజమే.

వ్యాఖ్యాత: మేడం, టీకాలకి పేర్లు నమోదు చేసే కోవిన్ సంగతి?

ఏఎన్‌ఎం: సిటీలో బాగుండుంటాది సార్. మా కొండ ఊళ్లల్లో సిగ్నల్ ఉండదు కదా. పేర్లు పుస్తకంలో రాసుకుని, కిందికి దిగాక ఎక్కించేవాళ్లం. నాకు బాగా పనికొచ్చింది వేలికి పెట్టే ఆక్సీమీటరే. రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే వెంటనే 108కి ఫోన్ చేసేవాళ్లం.

డాక్టర్: ఒక్కమాటమ్మా. ముదురు రంగు చర్మం మీద ఆ పరికరం కొన్నిసార్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆక్సిజన్ తగ్గినా అది పట్టుకోలేకపోవడం, తెల్లవారికన్నా నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020 డిసెంబర్‌లోనే అమెరికా డాక్టర్లు రాశారు.

ఏఎన్‌ఎం: మరి మాకెవరూ చెప్పలేదే సార్!

డాక్టర్: చెప్పాల్సింది. అంకె బాగున్నా, మనిషి ఆయాసపడుతుంటే ఆయాసాన్నే నమ్మాలి.

వ్యాఖ్యాత: (కాసేపు ఆగి) అంటే... కొనేముందు మన జనం మీద పరీక్షించాలన్నమాట.

డాక్టర్: మన ఊళ్లోనే వైద్య పరికరాల మెడ్‌టెక్ జోన్ ఉంది. అక్కడ తయారీ ఉంది, పరీక్షించే ల్యాబ్‌లూ ఉన్నాయి. ముదురు చర్మం మీద సరిచూసిన ఆక్సీమీటర్లే కొంటామని టెండర్‌లో రాస్తే చాలు, కంపెనీలు దారికొస్తాయి.

ఇంజనీర్: రిపేరు సంగతీ ఆ టెండర్‌లోనే రాయాలండి. ఆస్పత్రుల్లో ఆక్సిజన్ ప్లాంట్లు పెట్టారు, సంతోషం. వాటిలో గాలిని నొక్కే కంప్రెసర్‌ని నెలల తరబడి తిప్పకుండా వదిలేస్తే, అవసరమైన రోజున మొరాయిస్తుంది. టెక్నీషియన్ జీతం ఎవరిస్తారు?

వ్యాఖ్యాత: ఆ ప్రశ్నతోనే బ్రేక్ తీసుకుందాం. తర్వాత మీ ఫోన్ కాల్స్.