సాగర్ దాకా తొక్కాలంటే ఏ సైకిల్ కొనాలి?

శ్రోతలందరికీ నమస్కారం.

నల్లగొండలో ఎవరైనా కొత్తగా సైకిల్ తొక్కడం మొదలుపెట్టి, పొద్దున్నే క్లాక్ టవర్ నుంచి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం దాకా ఓ పది రోజులు పోయొస్తే చాలు, పదకొండో రోజు నాకు ఫోన్ వస్తుంది. "అన్నా, సాగర్ దాకా పోదామనుకుంటున్న, ఏ సైకిల్ కొనమంటవ్?" అని. ఒకప్పుడు నేను టక్కున ఓ కంపెనీ పేరు చెప్పేవాణ్ని. ఇప్పుడు చెప్పడం లేదు, ఎదురు ప్రశ్న వేస్తున్నా: సాగర్ దారిలో హాలియా దగ్గర పంక్చరైతే దాన్ని ఎవరు బాగు చేస్తారు?

ఎందుకు అలా అడుగుతానో చెప్తా, దానికి ముందు నా కథ వినాలి.

కనగల్, హాలియా, పెద్దవూర మీదుగా నాగార్జునసాగర్ మాకు 60 కిలోమీటర్ల పైచిలుకు. నేను మొదటిసారి పోయింది మా మేనల్లుడి సైకిల్ మీద. ముందొక షాక్ అబ్జార్బర్, సీటు కింద ఇంకో షాక్, బొటనవేలి గోరంత మిట్టలున్న లావుపాటి టైర్లు, 21 గేర్లు, మీదంతా ఎరుపు స్టిక్కర్లు. చూస్తే బుల్లెట్ బండికి తమ్ముడిలా ఉంది. హాలియా దాకా హుషారుగానే ఉన్నా. పెద్దవూర వచ్చేసరికి మోకాలి చిప్ప కింద సన్నగా పొడవడం మొదలైంది. అప్పుడు వెనక నుంచి ఒక పెద్దాయన, నల్ల సైకిలు, రెండు పక్కలా పాల క్యాన్లు, లుంగీ పైకి కట్టుకుని తీరుబడిగా తొక్కుతూ నన్ను దాటిపోయాడు. ముందర చాయ్ బండి దగ్గర ఇద్దరం ఆగాం. ఆయన నా సైకిలు సీటు మీద అరచెయ్యి పెట్టి ఒకసారి గట్టిగా నొక్కి వదిలాడు. అది కిందికి దిగింది, పైకి లేచింది, మళ్లీ కొంచెం దిగింది. "నువ్వు తొక్కేదంతా ఈ స్ప్రింగే తింటున్నది బిడ్డా" అన్నాడు.

ఆ తర్వాత చాలామంది మెకానిక్‌లను అడిగాను కానీ అంత తేలిగ్గా అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. చవక సైకిళ్లకు వచ్చే షాక్‌లు గుట్టల్లో రాళ్ల మీద పడి దిగడానికి కూడా అంత పనికిరావు, తారు రోడ్డు మీద మాత్రం బరువే, పైగా మీరు పెడల్ నొక్కినప్పుడల్లా అవి కూడా నొక్కుకుంటాయి. మిట్టల టైర్లు రోడ్డుని పట్టుకుని గుంయ్‌మని శబ్దం చేస్తాయి, ఆ శబ్దమంతా మీ కాళ్లలోంచి పోయిన బలమే అనుకోండి. మోకాలి నొప్పి సంగతి వేరే, దానికి వస్తా.

మరి ఆ పెద్దాయన తొక్కిన నల్ల సైకిలే కొనుక్కుంటే పోలా అని మీరు అడగొచ్చు. నేనూ అనుకున్నా. మనందరం కైంచి తొక్కుడు నేర్చుకున్నది దాని మీదే కదా. క్యారియర్ ఉంది, మడ్‌గార్డులు ఉన్నాయి, ఏ ఊళ్లోనైనా సామాను దొరుకుతుంది. కానీ 20 కిలోలు సులువుగా తూగుతుంది, గేరు ఒక్కటే. మా బాబాయి సైకిలుకి చైను తిరిగే చక్రాల పళ్లు కూర్చుని లెక్కపెట్టాను, ముందు 44, వెనక 18. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరగాలి, ఆ 28 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకి 2 మీటర్ల పైన పోతుంది కాబట్టి ఒక్క తొక్కుకి మీరు 5 మీటర్లు దాటి పోవాల్సిందే. చదునులో ఇది హాయి. సాగర్‌లో పైలాన్ నుంచి హిల్ కాలనీ ఎక్కేటప్పుడు, 60 కిలోమీటర్లు తొక్కి అలిసిన కాళ్లతో, అదే 5 మీటర్లు ప్రాణం తీస్తాయి. పాలాయన కూడా ఎక్కుడు వస్తే దిగి నెడతాడు, ఆయనకు నామోషీ లేదు, మనకు ఉంది.

గేర్ల సైకిల్లో ముందు 28 పళ్లు, వెనక 28 పళ్లు పడేలా వేసుకుంటే పెడల్ ఒక చుట్టుకి చక్రం ఒక్క చుట్టే. 2 మీటర్ల చిల్లర. నత్తనడకే, కానీ దిగాల్సిన పని ఉండదు. అందుకే షాపులో "ఎన్ని గేర్లు?" అని అడగకండి, 21 అన్నా 24 అన్నా ఒరిగేదేం లేదు. ముందు అన్నిటికన్నా చిన్న పళ్ల చక్రానికి ఎన్ని పళ్లు, వెనక అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రానికి ఎన్ని పళ్లు అని అడగండి. ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉంటే చాలు. అమ్మే అబ్బాయికి తెలియకపోతే మీరే వంగి లెక్కపెట్టుకోండి, సిగ్గేముంది.

అన్నీ చూశాక మొదటి దూర ప్రయాణానికి నేను చెప్పేది హైబ్రిడ్ అనే రకం. ముందు షాక్ లేకుండా, టైరు మీద 700 బై 35 అనో 38 అనో రాసి ఉండే సైకిలు (ఆ రెండో అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో), వెనక క్యారియర్ బిగించుకోవడానికి ఫ్రేముకి రంధ్రాలు ఉన్నది. కొత్తదైతే పదిహేను వేల నుంచి పాతిక వేల మధ్యలో మంచిదే వస్తుంది. వంపు హ్యాండిల్ రేసు సైకిళ్లకు వచ్చే 25 టైరు మీద మోజు పడే కుర్రాళ్లకు ఒకటే మాట. కోతల కాలంలో మన రోడ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా, సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చి ఉంటారు. వెనక నుంచి లారీ హారన్ కొడితే మీరు దిగేది మట్టి అంచులోకే. అక్కడ మీ కోసం పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఎదురుచూస్తూ ఉంటాయి.

ఇప్పుడు హాలియా ప్రశ్నకి వద్దాం. రెండో సారి నాతో ఒక స్నేహితుడు వచ్చాడు, వాడిది నాకన్నా ఖరీదైన సైకిలు. ఊరు ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా ముల్లు దిగింది. నెట్టుకుంటూ పోయి పంక్చర్ షాపు పట్టుకున్నాం. షాపతను చకచకా ట్యూబు తీసి, నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ చూసి, గీకి, సొల్యూషన్ పూసి ప్యాచ్ వేశాడు, పది నిమిషాల పని. గాలి కొడదామని కంప్రెసర్ పైపు తెచ్చి వాల్వ్ దగ్గర పెట్టాడు. పట్టలేదు. తిప్పి పెట్టాడు. పట్టలేదు. ఖరీదైన సైకిళ్లకు వచ్చే సన్నటి వాల్వ్ అది, ప్రెస్టా అంటారు, కొసకి చిన్న మర ఉంటుంది. మన ఊళ్లలో కంప్రెసర్లు మోటర్ సైకిల్ వాల్వ్‌కి సరిపోతాయి, దీనికి కాదు. అతను పాపం సైకిల్ పంపు కూడా తెచ్చి తిప్పలు పడ్డాడు. ట్యూబు బాగైంది, గాలే ఎక్కదు! చివరికి ఇద్దరం ఆటో ట్రాలీలో నల్లగొండ వచ్చాం, సైకిళ్లు పక్కన పడుకోబెట్టి.

కాబట్టి మోటర్ సైకిల్ లాంటి వాల్వ్ ఉన్న ట్యూబులే వేయించుకోండి. లేదా సన్న వాల్వ్‌కి తగిలించే ఇత్తడి బిరడా ఒకటి దొరుకుతుంది, ఖరీదు కొన్ని పదుల రూపాయలు, అది జేబులో వేసుకోండి. ఒక స్పేర్ ట్యూబు, టైరు విప్పే ప్లాస్టిక్ లివర్లు, చేతి పంపు ఎలాగూ ఉండాలి. బ్రేకులు డిస్కువైతే వైరుతో లాగేవి తీసుకోండి, నూనెతో పనిచేసేవి బాగుంటాయి కానీ దారిలో చెడితే చూసే మనిషి దొరకడు.

ఇక సైజు. నా మోకాలి నొప్పికి కారణం షాక్ కాదు, సీటు. మేనల్లుడు నాకన్నా పొట్టి, సీటు దించి ఉంది, నేను అలాగే తొక్కేశాను. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టి దాన్ని పూర్తిగా కిందికి పోనిస్తే మోకాలు తిన్నగా అవ్వాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడతాం కాబట్టి మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అంతే కావాల్సింది. నేల మీద కాలు ఆనదని భయపడి దించుకోకండి, ఆగేటప్పుడు సీటు మీంచి ముందుకు దిగడం రెండ్రోజుల్లో అలవాటవుతుంది. ఫ్రేము సంగతి ఇంకా ముఖ్యం, సీటైతే ఎత్తుకోవచ్చు దించుకోవచ్చు, ఫ్రేముని ఏం చేస్తారు? కడ్డీకి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబడితే మధ్యలో కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. ఒక షాపులో నాకు పెద్ద ఫ్రేము అంటగట్టబోయారు, స్టాకులో అదొక్కటే ఉంది మరి. "సీటు దించుకుంటే సరిపోతది సార్" అన్నారు. సరిపోదు. హ్యాండిల్ దూరమై మెడ, భుజాలు పట్టేస్తాయి.

మెత్తటి జెల్ సీటు చూసి మురిసిపోకండి. పది కిలోమీటర్ల దాకా పరుపులా ఉంటుంది, నలభై దాటాక ఎక్కడ ఒరుసుకోకూడదో అక్కడ ఒరుసుకుంటుంది. కాస్త గట్టి సీటు, ప్యాడ్ కుట్టిన సైకిల్ నిక్కరు మేలు. రేడియోలో ఎలా చెప్పాలో తెలియడం లేదు కానీ, దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు.

కొనే ముందు షాపు ముందర ఒక రౌండు కొట్టి సరే అనకండి. అలాంటి సైకిలే స్నేహితుల దగ్గర ఒక ఆదివారం అడిగి తీసుకుని, మనవాళ్లైతే చెర్వుగట్టు దాకా, మహబూబ్‌నగర్ వాళ్లైతే జడ్చర్ల దాకా పోయి రండి. పోను రాను 30 కిలోమీటర్ల పైనే. మెడ, అరచేతులు, మోకాళ్లు, కూర్చునే చోటు, నాలుగింట్లో ఏది గోల పెట్టిందో చూసుకుంటే ఏం మార్చాలో తెలిసిపోతుంది.

ఆ ఇత్తడి బిరడాలు నేను నాలుగు కొన్నా. మళ్లీ సాగర్ పోతూ హాలియా దగ్గర ఆగి ఒకటి ఆ షాపతనికి ఇచ్చా. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "గింతేనా!" అని, దారం కట్టి కంప్రెసర్ పైపుకి వేలాడదీశాడు. పోయిన నెల చూసినప్పుడు కూడా అక్కడే ఉంది. అటు పోయినప్పుడు అవసరమైతే అడగండి, ఇస్తాడు.

సెలవు.