లౌడన్ కౌంటీ: డేటా సెంటర్ల డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి? (చర్చా కార్యక్రమం, పూర్తి పాఠం)

యాంకర్: నమస్కారం. వర్జీనియాలో లౌడన్ కౌంటీ. ఆష్‌బర్న్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఇళ్ళ పక్కనే డేటా సెంటర్లు వచ్చేశాయి, వాటి పన్ను డబ్బూ కౌంటీకి వస్తోంది. సార్, సూటిగా చెప్పండి, ఇంటి పన్ను ఇంకా తగ్గుతుందా?

బడ్జెట్ విశ్లేషకుడు: తగ్గించొచ్చండీ, కానీ దానివల్ల మిగిలేదెంత? 2025లో రేటు ఇంటి విలువలో 100 డాలర్లకు 80.5 సెంట్లు. 8 లక్షల డాలర్ల ఇంటికి 6,440 కట్టాలి. ఇంకో సెంటు తగ్గిస్తే ఏడాదికి 80 డాలర్లు మిగులుతాయి, అంతే. అసలు సంగతి డేటా సెంటర్లలోని కంప్యూటర్ల మీద, అంటే సర్వర్ల మీద, ఏటా వేసే పన్నులో ఉంది. 2025లో అది 100 డాలర్లకి 4.15 డాలర్లు. 10 లక్షల డాలర్ల పరికరాలు పెట్టారనుకోండి, మొదటి ఏడాది సగం విలువ మీద 20,750 వస్తుంది. రెండో ఏడు 40 శాతం మీద 16,600. ఐదో ఏటికి 10 శాతమే, 4,150. పాతవి పీకి కొత్తవి పెడుతున్నంత కాలమే ఈ...

నివాసితుల ప్రతినిధి: లెక్కలు సరే సార్, రాత్రంతా సర్వర్లని చల్లబరిచే చిల్లర్ల హోరు...

విశ్లేషకుడు: ఒక్క నిమిషం మేడమ్, పూర్తి చెయ్యనివ్వండి. ఇలా ఏటా కరిగిపోయే డబ్బుతో టీచర్ల జీతాలు పెంచితే, కంపెనీలు సర్వర్లు మార్చడం ఆపిన ఏడాది ఆ జీతాలు ఎక్కణ్ణుంచి తెస్తారు?

యాంకర్: అంటే ఇంటి పన్ను తగ్గదంటారా?

విశ్లేషకుడు: ఒకసారితో అయిపోయే పనులకి వాడమంటున్నా. బడి భవనం, ఫైర్ స్టేషన్, రోడ్డు.

తల్లిదండ్రుల ప్రతినిధి: క్రికెట్ గ్రౌండ్లు కూడా కలపండి, పిల్లలకి ఆడుకోడానికి చోటు లేదు.

విశ్లేషకుడు: కలపొచ్చు. కానీ గడ్డి కోత, లైట్ల కరెంటు, పిచ్ బాగోగులు ఏటా ఉండే ఖర్చే.

తల్లిదండ్రుల ప్రతినిధి: మరి జీతాలు పెంచకపోతే టీచర్లు పక్క కౌంటీకి పోరా? స్కూల్ బోర్డు విడిగా ఎన్నికైనా, డబ్బు కౌంటీని నడిపే బోర్డు సభ్యులు, అంటే సూపర్‌వైజర్లే ఇవ్వాలి కదా.

విశ్లేషకుడు: ఇవ్వాలి, కాదనట్లేదు. అయితే ఇంటి పన్ను మీదొచ్చే నికరమైన డబ్బులోంచి ఇవ్వాలి. మళ్ళీ చెప్తున్నా, కరిగిపోయే డబ్బు...

నివాసితుల ప్రతినిధి: నన్నూ మాట్లాడనివ్వండి! 2025 మార్చిలో సూపర్‌వైజర్ల బోర్డు నిబంధన మార్చింది. కొత్త డేటా సెంటర్‌కి ఇప్పుడు స్పెషల్ ఎక్సెప్షన్, అంటే విడిగా ప్రత్యేక అనుమతి కావాలి. ముందు ప్లానింగ్ కమిషన్ విచారణ, తర్వాత సూపర్‌వైజర్ల ఓటు. మంచిదే. కానీ కట్టేసినవాటి సంగతేంటి? డీజిల్ జనరేటర్ల పర్మిట్ రాష్ట్రం చేతిలో, హైటెన్షన్ లైన్ల నిర్ణయం కరెంటు కంపెనీలని నియంత్రించే రాష్ట్ర సంస్థ స్టేట్ కార్పొరేషన్ కమిషన్ చేతిలో. కౌంటీని అడిగితే మా చేతిలో లేదంటారు.

విశ్లేషకుడు: నిజంగానే లేదండీ. ఇక్కడ డిల్లన్ రూల్ నడుస్తుంది. రాష్ట్ర చట్టం ఇచ్చిన అధికారమే కౌంటీకి ఉంటుంది.

నివాసితుల ప్రతినిధి: శబ్దం పరిమితి పెట్టడానికి అధికారం ఉందిగా! డెసిబెల్ మీటరు పట్టుకుని సరిహద్దు గోడ దగ్గర, అదీ రాత్రిపూట కొలవాలి. చిల్లర్ల శబ్దం ఒకే తీరుగా, ఆగకుండా వస్తుంది. పగలు ట్రాఫిక్‌లో కొలిస్తే అది తేలదు.

విశ్లేషకుడు: దానికి ఇన్‌స్పెక్టర్లు కావాలి, వాళ్ళ జీతాలూ ఏటా ఉండేవే. అందుకే నేను మొదట్నుంచీ...

యాంకర్: అయితే ఇంటి పన్ను...

తల్లిదండ్రుల ప్రతినిధి: అది వదిలెయ్యండి సార్! కొత్త బడ్జెట్ జులై 1 నుంచి. ఏప్రిల్‌లోనే ఆమోదిస్తారు. మార్చి దాటాక మనం వెళ్ళి మాట్లాడినా ఏం లాభం?

యాంకర్: మంచి పాయింట్. సార్, చివరిగా పది సెకన్లలో, ఇంటి పన్ను?

విశ్లేషకుడు: పది సెకన్లు చాలవండీ. సర్వర్ల విలువ ఏటా పడిపోతుంది, ముందు నిల్వ నిధి పెంచాలి, ఆ తర్వాతే రేటు...

నివాసితుల ప్రతినిధి: శబ్దం సంగతి ఎవరూ చెప్పలేదు!

యాంకర్: సమయం అయిపోయింది. బ్రేక్ తర్వాత వాతావరణం.