బుద్ధి పుట్టింది, మోజు తీరింది

[తెర మీద: నేల నిండా పుస్తకాలు, ఖాళీ అల్మారా. గోడ గడియారంలో పదకొండున్నర.]

నిన్న రాత్రి పదకొండు గంటలకు నాకు పుస్తకాల అల్మారా సర్దాలని బుద్ధి పుట్టింది. అన్నీ కిందికి దించేశాను. రెండు అరలు తుడిచేసరికి ఆ బుద్ధి కాస్తా ఎటో పోయింది. పుస్తకాలు ఇంకా నేల మీదే ఉన్నాయి.

ఇందులో తమాషా గమనించారా? 'నేను నిర్ణయించుకున్నాను' అనలేదు. నాకు బుద్ధి 'పుట్టింది'. పుట్టింది అది; నేను దానికి పుట్టిల్లు, అంతే. పోనీ 'సర్దాలనిపించింది' అన్నా అదే కథ. 'అను'కు ప్రేరణార్థకం 'అనిపించు'. అంటే నా చేత ఎవరో అనిపించారు. ఎవరో వ్యాకరణం చెప్పదు. నేరం ఒప్పుకోకుండా తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి వాక్యం నాకు తెలియదు.

[తెర మీద ఒక్కొక్కటిగా: పుట్టింది, పట్టుకుంది, తీరింది]

ఇలాంటి కోరికలకు మనకు పేర్లు బోలెడు: సరదా, మోజు, ముచ్చట, ఉబలాటం, యావ, తిక్క. వాటి తేడా తెలియాలంటే పక్కనున్న క్రియను చూడండి. బుద్ధి, తిక్క పుడతాయి. యావ, పిచ్చి పట్టుకుంటాయి, జ్వరంలాగా. ముచ్చట, మోజు తీరుతాయి, అప్పు తీరినట్టు, దాహం తీరినట్టు. సరదా కూడా తీరేదే. కానీ 'సరదా తీరిందా?' అని ఎవరైనా అడిగితే నవ్వకండి. అది దెబ్బ తగిలాక అడిగే ప్రశ్న.

[దృశ్యం: విప్పని అట్టపెట్టె]

ఒకాయన చేతికి కొత్త పెట్టె వచ్చింది. కత్తెర వెతికే ఓపిక లేక పళ్లతో టేపు పీకుతున్నాడు. అది ఉబలాటం. మర్నాడు ఆ వస్తువును పదిమందికీ చూపించుకు తిరిగితే మోజు. నెల తిరగకుండానే అది అటకెక్కితే మూన్నాళ్ల ముచ్చట.

మోజు అనే మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. అక్కడ 'మౌజ్' అంటే అల. మనసులో లేచే అలకూ అదే పేరు. లేచి విరిగిపోయేదానికి ఇంతకంటే తగిన పేరు ఏముంటుంది?

'క్షణికావేశం' అనే మాట మాత్రం వార్తలకే పరిమితం. క్షణికావేశంలో పూలు కొన్నానని ఎవరూ చెప్పరు.

[దృశ్యం: పూసిన అశోకవృక్షం]

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'దోహదం'. సంస్కృతంలో ఇది గర్భిణికి ఉన్నట్టుండి కలిగే కోరిక. కడుపులో బిడ్డకూ ఒక గుండె ఉంటుంది కాబట్టి ఆమెది రెండు హృదయాల దేహమని, అందుకే 'దౌహృదిని' అంటారని సుశ్రుత సంహిత వివరణ. కవులు ఈ కోరికలను చెట్లకూ అంటగట్టారు. అశోకం పూయాలంటే అందగత్తె కాలితో తన్నాలి. పొగడకైతే ఆమె పుక్కిలించిన మద్యం కావాలి. (చెట్లకూ గారాబమే!) క్రమంగా చెట్టు పూయడానికి పెట్టే ఎరువు, వేసే ధూపం కూడా దోహదమే అయ్యాయి. అక్కడి నుంచి అర్థం ఇంకాస్త జరిగి, తోడ్పాటు దగ్గర ఆగింది.

ఇప్పుడు ఏ ప్రారంభోత్సవానికి వెళ్లినా ఎవరో ఒకరు మైకు ముందు నిలబడి, 'ఇది అభివృద్ధికి ఎంతగానో దోహదపడుతుంది' అంటారు. కడుపుతో ఉన్న ఒకామెకు అర్ధరాత్రి పుట్టిన కోరిక తమ నోట పలుకుతోందని వారికి తెలియదు.