ఏడాదికే కుర్చీ: ఫ్రీమేసన్ల లాడ్జిలో పెద్దరికం

[దృశ్యం: ధవళేశ్వరం బ్యారేజీ గట్టు. చేతిలో పాత మూలమట్టం.]

నమస్కారం అండి. ఇది మా తాతయ్య మూలమట్టం. ఆయన తాపీమేస్త్రీ. గోడ మూల తిరిగేచోట దీన్ని ఆనించి చూసేవారు. సందులోంచి సన్నగా వెలుగు కనిపించిందా, ఆ వరస ఇటుకలు విప్పించేసేవారు.

ఇదే పనిముట్టు, చిన్న నమూనాగా, ఫ్రీమేసన్ల లాడ్జిలో పెద్దగా ఉన్నాయన మెడలో వేలాడుతుంది. ఆయన తర్వాతి ఇద్దరికీ మట్టం, తూకం గుండు. ఫ్రీమేసన్లంటే సోదరభావం పేరిట ఒకచోట కలిసే సంఘాలవాళ్లు. మేసన్ అంటే తాపీమేస్త్రీయే మరి. లాడ్జి అంటే గదులు అద్దెకిచ్చేది కాదు, సభ్యులు కలిసే సంఘం.

[దృశ్యం: పాత లండన్ వీధి బొమ్మ]

1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జిలు కలిసి గ్రాండ్ లాడ్జి, అంటే లాడ్జిలన్నిటికీ పైన ఉండే సంఘం, పెట్టుకున్నాయని సంప్రదాయంగా చెబుతారు. మన దేశానికి సొంత గ్రాండ్ లాడ్జి 1961 నవంబరు 24న వచ్చింది. మొదటి గ్రాండ్ మాస్టర్ రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్. దాని ముద్ర మీద భగవద్గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ్ సాహిబ్, పార్సీల జెంద్ అవెస్తా, ఐదూ ఉంటాయి. లాడ్జి లోపల మతం గురించీ రాజకీయం గురించీ వాదించకూడదు. రచ్చబండ దగ్గర పార్టీ పేరు రాకుండా పది నిమిషాలు మాట సాగని జిల్లాలు మనవి. అందుకే ఈ నియమం నన్ను అంతగా ఆకట్టుకుంది.

[దృశ్యం: ఖాళీ కుర్చీ, దగ్గరగా]

అసలు విషయం ఈ కుర్చీ. ఇందులో కూర్చునేవారిని వర్షిప్‌ఫుల్ మాస్టర్ అంటారు. మామూలుగా ఆయన పదవి ఏడాదే. ఎవరూ నేరుగా ఇక్కడికి రారు. తలుపు లోపలి కాపలాతో మొదలుపెట్టి డీకన్, వార్డెన్ అంటూ ఒక్కో మెట్టూ ఎక్కుతూ రావాలి. ఒక్కో మెట్టు దగ్గరా ఆ పనికి సంబంధించిన మాటలు కంఠతా పట్టాలి.

మరి దిగిపోయినాయన? మన ఊళ్లలో గుడి కమిటీ ప్రెసిడెంటు పదవి పోతే మర్నాటి నుంచి ఆ ఛాయలకే రారు. ఇక్కడ పాత మాస్టర్ కొత్తాయన పక్కనే కూర్చుంటారు. సభ మధ్యలో కొత్తాయనకి మాట తట్టక గొంతు ఆగిపోతే, పక్క కుర్చీలోంచి తర్వాతి ముక్క మెల్లగా వినిపిస్తుంది. నిన్నటిదాకా తను కూర్చున్న కుర్చీలో వేరేవాళ్లు తడబడుతుంటే, నవ్వకుండా మాట అందించడం చిన్న సంగతి కాదండి. సోదరభావం అన్న పెద్ద మాటకి నాకు అర్థం దొరికింది అక్కడే.

[దృశ్యం: మూసి ఉన్న తలుపు]

అయితే కాలం మారింది. అమెరికాలో 1959లో 40 లక్షలకు పైగా ఉన్న సభ్యులు ఇప్పుడు 10 లక్షల లోపే. కంఠతా పట్టే తీరిక ఈ తరానికి తక్కువ. మూసిన తలుపుల వల్ల పుకార్లూ పుట్టాయి. ఉత్తరాదిలో చాలా ఊళ్లలో లాడ్జి భవనాన్ని జాదూఘర్, అంటే మాయల ఇల్లు, అనేవారు. ఇప్పుడు లాడ్జిలు వెబ్‌సైట్లు పెట్టి, తామేం చేస్తామో తామే చెప్పుకుంటున్నాయి.

ఆడవాళ్ల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. స్త్రీ పురుషులిద్దరినీ చేర్చుకునే శాఖ 1893లోనే పారిస్‌లో మొదలైంది. అనీబిసెంట్ 1902లో అందులో చేరారు. ఆడవాళ్లే నడిపే రెండు గ్రాండ్ లాడ్జిల పద్ధతి సరైనదేనని ఇంగ్లండ్ గ్రాండ్ లాడ్జి 1999లో ఒప్పుకుంది కూడా. అయినా అక్కడా, మన గ్రాండ్ లాడ్జిలోనూ సభ్యత్వం మగవాళ్లకే. ఇది నాకు మింగుడుపడదు. ఊరూరా డ్వాక్రా సంఘాలు నడుపుతున్న ఆడవాళ్లని రోజూ చూస్తున్నవాణ్ణి.

[దృశ్యం: సాయంత్రం, గోదావరి మీద పడవ]

చివరగా టైలర్ గురించి చెప్పాలి. బట్టలు కుట్టేవారు కాదు, కత్తి పట్టుకుని తలుపు బయట నిలబడే కాపలాదారు. సభ జరిగినంతసేపూ ఆయన బయటే. భోజనాల దగ్గర ఆఖరి మాట మాత్రం ఆయన పేరుదే. నేల మీదా నీటి మీదా ఎక్కడెక్కడో చెదిరి, కష్టంలో ఉన్న సోదరులకు త్వరగా ఊరట దొరకాలని, కోరుకుంటే క్షేమంగా సొంతగడ్డకు చేరాలని అందరూ గ్లాసు ఎత్తుతారు. కోనసీమలో గల్ఫ్ నుంచి వచ్చే ఫోను కోసం ఎదురుచూసే ఇళ్లు ఎన్నో. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఇళ్లే.